ఏమీ ఇవ్వకపోతే అన్నీ

మా ఆయన బద్ధకస్తుడంటే ఆసుపత్రిలో ఎవరూ నమ్మరు. పొద్దున అందరికంటే ముందు వెళ్లి, సాయంత్రం అందరికంటే వెనక ఇంటికొచ్చే మనిషికి బద్ధకమేమిటని నన్నే తప్పుపడతారు. కాపురం చేస్తున్నదాన్ని, నాకు తెలియదా? ఒకే పనిని చేత్తో రెండోసారి చెయ్యాలంటే ఆయనకు ప్రాణం మీదికొస్తుంది. దానంతటదే జరిగిపోయే మార్గం ఏదైనా ఉందా అని కూర్చుని ఆలోచిస్తారు. ఆ ఆలోచనకు పట్టే సమయంలో ఆ పనిని బోలెడుసార్లు చేసేయొచ్చు. ఒకసారి కుండీల్లో మొక్కలకు నీళ్లు పొయ్యమన్నానని సన్నటి ట్యూబులూ సీసా మూతలూ తెచ్చి ఏదో బిగించారు. మొక్కలు చచ్చిపోయాయి. ట్యూబులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

ఆసుపత్రిలో ఆయనకు ఆటోమేటిక్ సార్ అని పేరు. ఆ పేరు వింటే లోలోపల మురిసిపోతారు, పైకి మాత్రం విసుక్కుంటారు. చదువు మధ్యలో మానేసి, రేడియోలు బాగుచేసే కొట్లో చేరి, కంప్యూటర్లు వచ్చాక తెలిసినవాళ్లందరినీ వేపుకుతిని ఆ విద్య నేర్చుకున్న మనిషి. పెద్ద పెద్ద పట్టాలున్నవాళ్లు తన దగ్గరికొచ్చి "సార్, ఇది కాస్త చూడండి" అంటే ఆ రోజంతా ఇంట్లో ఈల వేస్తూ తిరుగుతారు. ఆ ఈల నాకు నచ్చదు గానీ, ఆయన సంతోషానికి అడ్డుపడడం ఎందుకని ఊరుకునేదాన్ని. ఈ మధ్య ఆ ఈల వినపడడం లేదు. ఎందుకో చెప్తాను.

అది గొంతు జబ్బుల ఆసుపత్రి. స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టర్లు తేల్చినవాళ్లు ఆపరేషనుకు ముందు అక్కడి రికార్డింగు గదికి వస్తారు. గోడలకు బూడిదరంగు స్పాంజి, కిర్రుమనని కుర్చీ, మైకు, మూతపెట్టిన గ్లాసులో మంచినీళ్లు, అంతే ఆ గది. అక్కడ కూర్చుని, రోజూ తమకు అవసరమయ్యే మాటలన్నీ ఇంకా మిగిలి ఉన్న గొంతుతో చెప్పి వెళ్తారు. ఆపరేషనయ్యి, కుట్లు మానాక, ఆ మాటలను పలక లాంటి చిన్న మిషనులోకి ఎక్కించి చేతికిస్తారు. "ఆకలేస్తోంది" అన్నచోట వేలు పెడితే వాళ్ల గొంతే ఆ మాట పలుకుతుంది. ఇచ్చేదాకా ఆ గొంతులన్నీ ఆసుపత్రి కంప్యూటర్లో, ఎవరి పేరుతో వాళ్ల అరలో భద్రంగా ఉంటాయి. ఆ అరలను చూసుకునేది మా ఆయన. మాటలు చెప్పించేది ఒక అమ్మాయి. అందరూ ఆమెను రికార్డింగు అమ్మాయి అనే అంటారు, పెళ్లయి ఇద్దరు పిల్లలున్నా.

గొంతులు ఊరికే పేరుకుపోతుంటాయి. కొందరికి మందులతోనే నయమై ఆపరేషను అక్కర్లేకపోతుంది. కొందరు మొదటిసారి సరిగా రాలేదని మళ్లీ చెప్పి, పాతది చెరిపేయమంటారు. అలాంటివాటిని తుడిచేయడానికి మా ఆయన ఒక స్క్రిప్టు రాశారు. స్క్రిప్టంటే కంప్యూటరుకు వరసగా చెప్పిపెట్టిన పనులట. అందులో ఒక్కొక్క పనికీ ఒక్కొక్క ఫంక్షనుంటుందట. నాకు తెలిసిన ఫంక్షన్లంటే పెళ్లిళ్లూ పుట్టినరోజులూనే. అదే మాట అన్నాను.

"అలాగే అనుకో. ఫంక్షనుకి మనుషుల్ని పిలిచినట్టే దీనికీ పేర్లివ్వాలి. ఎవరి గొంతు తుడవాలో వాళ్ల పేరు" అన్నారాయన.

మొదట్లో ఆ ఫంక్షను ఒక్క పేరే తీసుకునేది. ముగ్గురివి తుడవాలంటే మూడుసార్లు పిలవాలి. మా ఆయన సంగతి చెప్పాను కదా. పేర్లు ఎన్నిచ్చినా అన్నిటినీ ఒకే సంచిలో వేసుకుని, ఒక్కొక్కటే బయటికి తీసి పని చేసుకుపోయేలా దాన్ని మార్చారు. ఒక్క పేరిచ్చినా సరే, చాంతాడంత జాబితా ఇచ్చినా సరే. తర్వాత ఒక చిక్కొచ్చింది. పేరుకీ ఇంటిపేరుకీ మధ్య ఖాళీ ఉంటే ఒక్క మనిషిని ఇద్దరనుకునేదట. దాన్నీ సరిచేశారు. ఆరోజు ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, "ఇంక నా ఫంక్షనుకి ఎంతమంది వచ్చినా ఢోకా లేదు" అన్నారు. ఈల కూడా వేశారు.

ఎంతమంది వచ్చినా అని ఆలోచించిన మనిషి, ఎవరూ రాకపోతే ఏమిటని ఆలోచించలేదా అంటే, ఆలోచించారు. అదే నాకు ఒళ్లుమండే సంగతి. అసలు ఆలోచించకపోతే పొరపాటనుకుని సరిపెట్టుకునేదాన్ని.

ఆ స్క్రిప్టును పరీక్షించేటప్పుడు ఆయన తన గొంతునే రకరకాల దొంగపేర్లతో రికార్డు చేసి, తుడిచి, మళ్లీ రికార్డు చేసి, మళ్లీ తుడిచేవారు. ఆ దొంగపేర్లన్నీ ప్రతిసారీ కొట్టాలంటే విసుగు. అందుకని, ఏ పేరూ ఇవ్వకపోతే అన్నీ తుడిచెయ్యమని అర్థం చేసుకునేలా ఒక్క వాక్యం చేర్చారు. అప్పుడు అందులో ఉన్నది ఆయన గొంతొక్కటే. పరీక్షలయ్యాక తీసేద్దామనుకున్నారు, తీయలేదు. మరిచిపోయారా అంటే అదీ కాదు. అంత బాగా పనిచేస్తున్నదాన్ని కదిలించడం ఎందుకని ఉంచేశారు.

రికార్డింగు అమ్మాయికి ఆ పని నేర్పినరోజు ఆమె అడిగిందట. "సార్, పేరు కొట్టకుండా చెయ్యి తగిలితే ఏమవుతుంది?" అని.

"అన్నీ పోతాయి" అని మా ఆయన నవ్వారట. "ఏమీ ఇవ్వకపోతే అన్నీ అని దాని లెక్క. తగలనివ్వకు."

ఆమెకు భయమేసింది. అలా తగలకుండా ఉండాలనే, మా ఆయన ఇంకో చిన్న స్క్రిప్టు రాసి, దానికో బొత్తాం పెట్టారు. ఆమె ఏ అరమీద "వద్దు" అని గుర్తు పెడితే, ఆ పేర్లన్నీ అదే ఏరుకొచ్చి తుడిచే ఫంక్షనుకు అందిస్తుంది. వారాంతంలో ఇంటికి వెళ్లేముందు ఆమె ఒక్క బొత్తాం నొక్కితే చాలు. పేర్లు కొట్టే పని లేదు గనక ఇంక చెయ్యి తగలడమనే గొడవే లేదు. ఆ అమ్మాయి ఎంత సంతోషించిందో చెప్పి, ఈయన కూడా సంతోషించారు.

డ్రైవింగు మాస్టారు వచ్చింది ఆ రోజుల్లోనే. కారు నడపడం నేర్పే పెద్దమనిషి. జీవితమంతా పక్కసీట్లో కూర్చుని అరవడమే ఆయన ఉద్యోగం. మామూలుగా జనం "నీళ్లు కావాలి", "నొప్పిగా ఉంది", "తలుపు వెయ్యండి" లాంటి మాటలు చెప్పి వెళ్తారు. ఈయన కుర్చీలో కూర్చోగానే "క్లచ్ మీంచి కాలు మెల్లగా తియ్యండి, నిప్పు తొక్కినట్టు తియ్యకండి" అని మొదలుపెట్టారట. "అద్దంలో చూడమన్నది మీ మొహం కాదండీ, వెనకొచ్చే లారీని." "బ్రేకు. బ్రేకమ్మా. అమ్మా తల్లీ, బ్రేకు!" అంటుంటే, ఆ అమ్మాయి నవ్వాపుకోలేక మధ్యలో రికార్డింగు ఆపేయాల్సొచ్చిందట. గొంతు అప్పటికే బాగా బొంగురుపోయింది. ఐనా ఒక్క మాట వదల్లేదు. ఆపరేషనయ్యాక కూడా ఆ పలక ఒళ్లో పెట్టుకుని పాఠాలు చెప్తానన్నారు.

చివర్లో ఇంట్లో మాటలు చెప్పమంది ఆ అమ్మాయి. ఆయన "ఇదిగో" అన్నారట. అయిపోయిందేమో అనుకుంటే మళ్లీ "ఇదిగో" అన్నారు. మళ్లీ అన్నారు.

"ఒక్కసారి చాలండి మాస్టారూ" అందామె.

"ఒక్కటెలా సరిపోతుందమ్మా? మా ఆవిణ్ణి పిలిచేది ఆ మాటతోనే. కళ్లజోడు కనపడనప్పుడు పిలిచేది వేరు, ఆకలేసినప్పటిది వేరు, కోపమొచ్చినప్పటిది వేరు. ఏ పనీ లేకుండా ఊరికే పిలిచేది ఇంకోటి. అదే ఎక్కువ."

అన్నీ చెప్పి వెళ్లారు. మా ఆయన ఇంటికొచ్చి ఆ పిలుపులన్నీ నాకు అనుకరించి చూపించారు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకే సిగ్గేస్తుంది.

మాస్టారి ఆపరేషను అయిన మర్నాడు వారాంతం. ఆ వారం ఎవరూ తమ గొంతు వద్దనలేదు. ఏ అరమీదా గుర్తు లేదు. రికార్డింగు అమ్మాయి గది ఊడ్చుకుని, గ్లాసు బోర్లించి, అలవాటు ప్రకారం బొత్తాం నొక్కి ఇంటికెళ్లిపోయింది. ఆ చిన్న స్క్రిప్టు పేర్ల కోసం వెతికింది. దొరకలేదు. ఖాళీ సంచిని తీసుకెళ్లి తుడిచే ఫంక్షనుకు అందించింది. ఆ ఫంక్షను తనకు చెప్పినట్టే చేసింది.

సెలవయ్యాక తలుపు తీసేసరికి అరలు లేవు. నకలు ఉండాలి కదా అంటారు. ఉంది. రోజూ పాత నకలు చెరిపి, ఉన్నది ఉన్నట్టు ఇంకోచోటికి దించిపెట్టే ఏర్పాటూ మా ఆయనదే. గది నిండుగా ఉంటే నిండుగా, ఖాళీగా ఉంటే ఖాళీగా దించుతుంది. సెలవురోజు కూడా మానకుండా వచ్చి, ఖాళీని శ్రద్ధగా దించిపెట్టింది.

నాకు బడి పక్కన పెన్నులూ నోటుపుస్తకాలూ అమ్మే చిన్న కొట్టుంది. మధ్యాహ్నం బేరాల్లేక, పెన్నుల డబ్బాల మీద దుమ్ము దులుపుతుంటే మా ఆయన వచ్చారు. ఆ వేళప్పుడు ఎప్పుడూ రారు. మొహాన నెత్తురుచుక్క లేదు. స్టూలుమీద కూలబడి, "అందరి గొంతులూ పోయాయి" అన్నారు. నాకు ముందు అర్థంకాలేదు. నేను వరసగా అడుగుతుంటే ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. ఆ వాక్యం సంగతి, ఖాళీ సంచి సంగతి, అన్నీ.

నా నోరు మంచిది కాదు. "ఇదెక్కడి తెలివండీ? నా కొట్టుకొచ్చి ఎవరైనా ఏమీ అడక్కుండా నిలబడితే, వాడికేమీ అక్కర్లేదని అనుకుంటాను. కొట్టంతా మూటగట్టి చేతిలో పెడతానా?" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. ఎదురు చెప్తారని చూశాను. ఏదో ఒక వంక చెప్పకుండా ఉండే మనిషి కాదు. "పెట్టవు" అన్నారు, అంతే. అప్పుడు నా గుండె జారింది.

మిగతావాళ్లకు ఇంకా ఆపరేషను కాలేదు. వాళ్లను పిలిపించి మళ్లీ చెప్పించుకోవచ్చు. కష్టమే గానీ అయ్యే పని. గొంతు తీసేసింది ఒక్క మాస్టారికే. ఆయన దగ్గర మళ్లీ చెప్పించడానికి ఏమీ లేదు.

"ఆ అమ్మాయికి చెప్పారా, తప్పు మీదని?" అని అడిగాను.

"తన చెయ్యే ఎక్కడో తగిలిందనుకుంటోంది. పొద్దున్నుంచి ఒకటే ఏడుపు. చెప్పే సందు దొరకలేదు."

"ఏడుస్తుంటే దొరక్కపోవడమేంటి? అదే కదా సందు!"

బయట బడిగంట మోగింది. పిల్లలు పెన్సిళ్ల కోసం ఎగబడ్డారు. నేను వాళ్లకు అమ్ముతుండగా ఆయన లేచి వెళ్లిపోయారు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. ఆయన ఆసుపత్రిలోనే పడి ఉన్నారు. తుడిచేసిన వాటి ఆనవాళ్లు ఏమైనా మిగిలాయేమోనని కంప్యూటరును కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టు దేవారు. ఎక్కడో ఒకరి దగ్గు, ఇంకెవరిదో సగంలో తెగిన మాట దొరికేది. పక్కగదులవాళ్లు టీ తెచ్చిచ్చి, "ఆటోమేటిక్ సార్ తిండీతిప్పలూ మానేసి ఎంత కష్టపడుతున్నారో" అనేవారట. నర్సమ్మ అయితే దేవుడిలాంటి మనిషన్నదట. ఆ టీ గొంతు దిగేది కాదని ఇంటికొచ్చి చెప్పేవారు. "మెచ్చుకుంటున్నారు" అనేటప్పుడు ఎవరో చెంపమీద కొట్టినట్టు మొహం పెట్టేవారు. జాలి కలగలేదా అంటే కలిగింది. కోపం ఇంకా ఎక్కువ కలిగింది. నోరు తెరిస్తే పోయే మెచ్చుకోలే కదా అది!

పెద్ద డాక్టరు మాత్రం మిషను పాడైందని మాస్టారి ఇంటివాళ్లకు కబురు చెప్పించారు. ఎవరి తప్పని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మా ఆయన పని సులువయ్యేది. అడగకుండా ఒప్పుకోవడం అంత తేలిక కాదని నాకూ అప్పుడే తెలిసింది. రోజూ పొద్దున చెప్పులు వేసుకుంటూ "ఇవాళ చెప్పేస్తాను" అనేవారు. సాయంత్రం చెప్పులు విప్పుతూ నావైపు చూసేవారు కాదు. నేనూ అడగడం మానేశాను.

చివరికి రికార్డింగు అమ్మాయి ఉద్యోగం మానేస్తానంది. అందరూ టీ తాగే గదిలో, పెద్ద డాక్టరు ముందు నిలబడి, "నా చేతులంటే నాకే భయమేస్తోంది సార్. ఇంటిదగ్గర పొయ్యి కట్టేశానా లేదా అని కూడా మళ్లీమళ్లీ చూసుకుంటున్నాను. నావల్ల కాదు" అందట. ఇంట్లో పిల్లలు, ఆ జీతం మీదే బతుకు. అది విన్నాక కూడా నోరు పెగలకపోతే తను మనిషినే కాననుకున్నారట మా ఆయన.

"తప్పు ఆమెది కాదు సార్, నాది" అన్నారు. ఖాళీ సంచి కథంతా చెప్పారు. పెద్ద డాక్టరు కళ్లజోడు తుడుచుకుని, "ఇప్పుడు అదంతా తవ్వుకోవడం ఎందుకయ్యా? మిషను పాడైందని చెప్పేశాం కదా. ఆమెనీ ఎవరూ ఏమీ అనలేదు. పనులు చూసుకోండి" అని లేచి వెళ్లిపోయారు.

రికార్డింగు అమ్మాయి కదల్లేదు. ఏడుస్తుందనో, కోప్పడుతుందనో మా ఆయన చూశారట. ఆమె మెల్లగా, "నేను అడిగాను కదా సార్, అప్పుడు" అంది.

"అడిగావమ్మా."

"మీరు నవ్వారు."

ఆమె ఉద్యోగం మానలేదు. పనిలో తేడా రానివ్వదు, అడిగినదానికి జవాబు చెప్తుంది. కానీ ఇదివరకులా పిల్లల కబుర్లూ ఇంటి కబుర్లూ ఆయనతో చెప్పడం మానేసింది. అలా మానేసే హక్కు ఆమెకుందని మా ఆయనే అంటారు.

స్క్రిప్టును ఆరోజే మార్చారు. ఇప్పుడది ముందు పేర్లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకుంటుంది. ఒక్కటీ లేకపోతే, ఎవరి పేరూ చెప్పలేదు గనక ఏమీ చెయ్యనని చెప్పి ఆగిపోతుంది. ఎంతసేపు పట్టిందని అడిగాను. రెండు వరసలే, టీ చల్లారేలోగా అయిపోయిందన్నారు. ఆ మాట చెప్తూ గోడకు తల ఆనించుకున్నారు.

మాస్టారికి తనే చెప్పాలన్నారు. నన్ను తోడు రమ్మన్నారు. నాకు ఇష్టంలేదు, ఆ ఇంట్లో మొహం చూపించడమే సిగ్గనిపించింది. కానీ ఒంటరిగా వెళ్తే గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చే మనిషని తెలుసు గనక కొట్టు మూసి బయల్దేరాను.

కింద డ్రైవింగు స్కూలు, మేడమీద ఇల్లు. కింద నేర్పే కారు నిలబడి ఉంది, టైర్ల చుట్టూ ఎండిన ఆకులు. మెట్లెక్కుతుంటే గోడమీద మలుపుల గుర్తులూ బాణాలూ రంగులతో గీసి ఉన్నాయి. మాస్టారి భార్య తలుపు తీసింది. చిన్నగా, గట్టిగా ఉన్న మనిషి. చేతులు తడిగా ఉన్నాయి, కొంగుతో తుడుచుకుంటూ కూర్చోమంది. మాస్టారు కుర్చీలో ఉన్నారు. మెడకు గుడ్డ చుట్టి ఉంది, చేతిలో రాసి చెరుపుకునే తెల్ల పలక. మా ఆయన్ని చూడగానే మొహమంతా నవ్వు చేసుకున్నారు.

మా ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పారు. ఇంతకుముందు నాకు చెప్పినదానికంటే బాగా చెప్పారు, ఏదీ దాచలేదు. దొంగపేర్లు కొట్టడానికి బద్ధకించిన సంగతీ, ఆ అమ్మాయి ముందే అడిగిన సంగతీ కూడా చెప్పారు. "మిషను పాడవలేదండీ. నేనే పాడుచేశాను" అన్నారు.

మాస్టారు పలకమీద రాసి తిప్పి చూపించారు. "అద్దం చూడకుండా వెనక్కి తీశారు. కొత్తలో అందరూ చేస్తారు." చదివేదాకా ఆగి, తుడిచి, మళ్లీ రాశారు. "పోనీలెండి."

మా ఆయన కళ్లు నిండిపోయాయి. వంగి మాస్టారి చెయ్యి పట్టుకున్నారు. ఇన్నిరోజుల్నుంచీ బిగదీసుకుని ఉన్న భుజాలు ఒక్కసారి కిందికి దిగడం నేను చూశాను. నా ప్రాణమూ కాస్త తేలికపడిందని ఎందుకు దాచడం? ఇంక లేచి వెళ్లిపోవచ్చనుకున్నాను.

"ఆయనంతే అంటారు. ఎవరేం చేసినా అంతే" అంది మాస్టారి భార్య.

ఆమె గొంతులో కోపమేం లేదు. అందుకే ఇద్దరం ఆమెవైపు తిరిగాం.

"గొంతు ఆయనదేనండీ, కాదనను. కానీ ఆయన దాన్ని ఎప్పుడు విన్నారు గనక? పెళ్లైనప్పట్నుంచీ విన్నది నేను. ఆపరేషనుకి ముందు నన్ను కూర్చోబెట్టి, నీకోసం ఇదిగోలన్నీ అక్కడ పెట్టొచ్చాను, ఇంక బెంగ పెట్టుకోకని చెప్పి లోపలికెళ్లారు. పోయింది నాకు. మీరు ఆయన్ని అడిగారు, ఆయన పోనీలెమ్మన్నారు. నన్నడగలేదేం?"

మా ఆయన మాస్టారి చెయ్యి వదిలేశారు. ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "నన్ను క్షమిస్తారా అమ్మా?" అన్నారు.

"లేదండీ" అంది.

మాస్టారు పలకను అరచేత్తో టపటపా కొట్టారు. ఆమె అటు చూడలేదు.

"మీరు చెడ్డవాళ్లని కాదు. చెప్పడానికి ఇంతదూరం వచ్చారు, మీ ఆవిణ్ణి కూడా తీసుకొచ్చారు. మీరు మళ్లీ వచ్చినా మంచినీళ్లిస్తాను, కూర్చోమంటాను. ఆయనకు పొద్దుపోవట్లేదు, వచ్చి కబుర్లు చెప్పండి. నేను మాత్రం సరేననలేను. ఎప్పటికైనా అంటానని కూడా అనుకోకండి."

మా ఆయన తలూపారు. జేబులోంచి ఫోను తీశారు. అన్నిరోజులు దేవితే మాస్టారి అరలోంచి దొరికింది ఒక్కటే ముక్క అని, అందులో మాటేమీ లేదని, వినిపించాలో వద్దో తనకు తెలియడం లేదని చెప్పారు. నాకే చెప్పలేదు ఆ సంగతి. ఆమె వినిపించమంది. రికార్డింగు అమ్మాయి "మొదలుపెట్టండి" అనడం, కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత మాస్టారు గొంతు సవరించుకోవడం వినపడ్డాయి. అక్కడితో తెగిపోయింది.

మాస్టారు తల దించుకున్నారు. ఆమె ఫోనువైపే చూస్తూ నిలబడింది, ఆ సవరించుకున్న గొంతులోంచి మాట వస్తుందేమోనన్నట్టు.

"అది నా ఫోనులో వేసి వెళ్లండి" అంది.

వేసి ఇచ్చారు. ఆయన తడుముకుంటుంటే ఆమే ఫోను పట్టుకుని ఎక్కడ నొక్కాలో చూపించింది. మెట్లదాకా వచ్చి సాగనంపింది కూడా.

తిరిగొస్తూ, మా వీధి మలుపు తిరిగాక, "పోయింది తనకేనని ఆవిడన్నది నిజమే కదా?" అని అడిగారు మా ఆయన. కాదని చెప్తానని ఆశ ఆయనకు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మనసు కష్టపడితే చూడలేక ఎన్ని అబద్ధాలు చెప్పలేదు? ఆరోజు మాత్రం నోరు రాలేదు.

"నిజమేనండీ" అన్నాను.